చాటింగ్‌తోనే నడిచే టీనేజ్ లవ్ నవల రాయాలంటే ఎలా మొదలెట్టాలి

ఇందులో కథ చెప్పే మనిషి ఉండడు. "ఆమె సిగ్గుతో తల దించుకుంది" అని రాసుకునే చాన్స్ లేదు, బయట వాన పడుతుందని కూడా ఎవరో ఒకరు మెసేజ్ పెడితేనే చదివేవాళ్ళకి తెలుస్తుంది. రోజూ మనందరం చేసేదే కదా ఎంతసేపు అనుకుని చాలామంది మొదలెడతారు, కానీ నిజం చాట్ ఎలా ఉంటుందో అలాగే దింపేస్తే "తిన్నావా" "ఆ తిన్నా" "ఏం కూర" "బెండకాయ" దగ్గరే రెండు పేజీలు అయిపోతాయి, చదివేవాడు అక్కడే ఫోన్ పక్కన పడేస్తాడు.

పద్ధతి కొత్తదేం కాదు. ఉత్తరాలతో నవల నడపడం యూరప్‌లో 1700ల్లోనే బాగా పాపులర్ అయింది, 2004లో అమెరికాలో ముగ్గురు స్కూల్ అమ్మాయిల ఇన్‌స్టంట్ మెసేజ్‌లు తప్ప ఇంకో లైన్ లేని నవల వచ్చి బాగా అమ్ముడుపోయింది. జపాన్‌లో అయితే 2000 తర్వాత అమ్మాయిలు ఫోన్ కీప్యాడ్ మీదే లవ్ స్టోరీలు టైప్ చేసి ముక్కలు ముక్కలుగా పెట్టేవాళ్ళు, అవి తర్వాత పుస్తకాలుగా వచ్చి లక్షల్లో అమ్ముడయ్యాయి. మనం ఇంటర్ పిల్లల కథని, వాట్సాప్‌లో, సరదాగా, తెలుగులో ఎలా నడపాలో చూద్దాం. ఉత్తినే సలహాలు చెప్తే ఎక్కదు కాబట్టి ఒక కథ పట్టుకుని వెళ్దాం.

ముందు తేల్చుకోవాల్సింది: వీళ్ళు మెసేజ్‌లే ఎందుకు పెట్టుకుంటున్నారు?

ఒకే క్లాసులో పక్క పక్క బెంచీల్లో కూర్చునేవాళ్ళు నోటితోనే మాట్లాడుకుంటారు, చాట్ లో మిగిలేది "హోంవర్క్ పంపు" అంతే. కార్పొరేట్ జూనియర్ కాలేజీ హాస్టల్ పెడదామా అంటే అక్కడ ఫోనే ఉండనివ్వరు, ఆదివారం అమ్మతో మాట్లాడ్డానికి కూడా లైన్లో నిలబడాలి, ఇంక రాత్రి పదకొండింటికి హీరో వాయిస్ నోట్ ఎక్కడినుంచి పెడతాడు. చదివేవాళ్ళలో సగం మంది ఆ హాస్టల్స్‌లో ఉండొచ్చినవాళ్ళే, వెంటనే పట్టేస్తారు. అందుకని డే స్కాలర్స్‌ని అయినా తీసుకోండి, లేదా మార్చిలో సెకండియర్ పరీక్షలు అయిపోయిన దగ్గర్నుంచి ఇంజినీరింగ్ కౌన్సెలింగ్ దాకా ఉండే ఆ ఎండాకాలం తీసుకోండి. నన్నడిగితే రెండోదే బెస్ట్. ఫోన్ చేతిలో ఉంటుంది, పని ఉండదు, ఇంట్లో అందరికీ రిజల్ట్ టెన్షన్, పైగా కథకి డేట్లు అవే వచ్చేస్తాయి, ఇంటర్ రిజల్ట్, ఎంసెట్ (ఇప్పుడు ఈఏపీసెట్ అని పేరు మార్చినా ఇంట్లో ఎవరూ అలా అనరు), ర్యాంకులు, సీట్ అలాట్‌మెంట్. ఇంకోటి, ఆంధ్రాలో 2025 నుంచి హాల్‌టికెట్లు, రిజల్ట్స్ "మన మిత్ర" అని గవర్నమెంట్ వాట్సాప్‌లోనే ఇస్తున్నారు. అంటే అమ్మాయి రిప్లై కోసం చూస్తూ కూర్చున్నవాడికి ఫోన్ మోగితే ఎగబడి తీస్తాడు, తీరా చూస్తే అది కెమిస్ట్రీ మార్కులు. ఇలాంటిది వదులుకోకండి.

మన కథలో అమ్మాయి మౌనిక, కరీంనగర్. అబ్బాయి తేజ, అమలాపురం. మౌనిక వాళ్ళ పెదనాన్న కొడుక్కి, తేజ వాళ్ళ బంధువులమ్మాయికి పెళ్లయింది, మామూలుగానే పెళ్లి ఫోటోల గ్రూప్ ఒకటి తయారైంది. మొదటి సీన్ ఇలా పెట్టొచ్చు:

మౌనిక: అన్నా స్టేజి మీది ఫోటోల పసుపు చొక్కా పిలగాడు నా మొకానికి అడ్డం వచ్చిండు, వాణ్ణి కట్ చేసి పంపవా ప్లీజ్
(సేవ్ చెయ్యని నంబర్): కట్ చేస్తే ప్లేట్లో కాజా కూడా పోద్దండి
మౌనిక: మీరెవరు
(సేవ్ చెయ్యని నంబర్): పసుపు చొక్కా అండి

నాలుగు మెసేజ్‌లే. ఎవరు ఎక్కడివాళ్ళో, ఎవరు దొరికిపోయారో, ఎవరికి నవ్వొచ్చిందో అన్నీ తెలిసిపోయాయి, "నా పేరు మౌనిక, నేను ఎంపీసీ చదువుతున్నాను" అని ఎవరూ చెప్పుకోలేదు. తెలిసిన మనిషికి ఎవరైనా అలా మెసేజ్ పెడతారా? పెట్టరు. పరిచయాలన్నీ గొడవలోంచో పొరపాటులోంచో రావాలి.

పెళ్లి గ్రూప్ తీసుకుంటే వరస చూసుకోండి

నవ్వకండి, సీరియస్ గానే చెప్తున్నా. తేజ పెళ్లికూతురికి పిన్ని కొడుకు అయితే తమ్ముడి వరస, అప్పుడు పెళ్లికొడుకు చెల్లెలితో ఏ ఇబ్బందీ లేదు. అదే మేనమామ కొడుకు అని రాశారనుకోండి, పెళ్లికూతురికి బావ వరస కాబట్టి పెళ్లికొడుక్కి అన్నదమ్ముల లెక్కలోకి వస్తాడు, పెళ్లికొడుకు చెల్లెలు వీడికీ చెల్లెలే అయిపోద్ది. మీరు నూట యాభై పేజీలు లవ్ రాసుకుంటూ పోతే మీ పాఠకుల్లో ఒక పెద్దావిడ ఒక్క కామెంట్‌తో మొత్తం కూల్చేస్తుంది. లేదా ఇదే మీ కథకి అడ్డంకి చేసుకోండి, సరదా నవలకి ఇంతకన్నా పెద్ద విలన్ అక్కర్లేదు. గ్రూపులో ఒక అత్తయ్య "తేజ నీకు అన్నయ్య అవుతాడు కదే" అని పెడుతుంది, ఇద్దరూ మూడు రోజులు సైలెంట్, ఆ తర్వాత నానమ్మ రెండు నిమిషాల వాయిస్ మెసేజ్ పెట్టి ఎవరు ఎవరి ఇంటికి ఎప్పుడు కోడలిగా వెళ్ళిందో మొత్తం తవ్వి, కాదు వాడు పిన్ని కొడుకే, అత్తయ్యకి ఎప్పుడూ లెక్క రాదు అని తేలుస్తుంది. క్యాన్సర్లూ యాక్సిడెంట్లూ ఇందులోకి తేకండి, ఈ రకం నవల ఆ బరువు మోయదు.

పేర్లు దాచేసి చదివినా ఎవరి మెసేజో తెలియాలి

ఇది పరీక్ష. ఒక పేజీలో పేర్లన్నీ కొట్టేసి ఫ్రెండ్ కి ఇవ్వండి, ఎవరు మాట్లాడుతున్నారో చెప్పలేకపోతే మళ్ళీ రాయాల్సిందే. మన కథలో యాస సగం పని చేసేస్తుంది, మౌనిక "గట్లెట్ల" "చెప్పలే" "మస్తు" అంటుంది, తేజ ప్రతిదానికీ "అండి" తగిలిస్తాడు, కొంచెం వెక్కిరింపుకి కొంచెం అలవాటుకి. కానీ యాస ఒక్కటే నమ్ముకుంటే జోక్ లాగా తయారవుతుంది, తెలంగాణ అమ్మాయి అనగానే ప్రతి లైన్ లో "గిట్ల గట్ల" దించేయడం చదివేవాళ్ళకి కోపం తెప్పిస్తుంది, ఇంటర్ చదివే కరీంనగర్ అమ్మాయి చాట్ లో సగం మామూలు తెలుగే టైప్ చేస్తుంది, కోపం వచ్చినప్పుడో నవ్వొచ్చినప్పుడో ఇంటి మాట బయటికొస్తుంది. అక్కడ వాడండి.

టైప్ చేసే అలవాటు చూడండి. ఒకళ్ళు ఒక వాక్యాన్ని ఆరు మెసేజ్‌లు చేసి పంపుతారు, ఇంకొకళ్ళు ఫుల్‌స్టాప్ లేకుండా పేరా పంపుతారు. ఒకళ్ళు నవ్వొస్తే "హహహ" అంటారు, ఒకళ్ళు నవ్వు బొమ్మ మాత్రమే పెడతారు. "సరే", "సరే లే", "హా సరే", ఉత్త "కె" ఇవి నాలుగూ నాలుగు మూడ్‌లు, "సరే లే" వచ్చిందంటే అక్కడ సరిగ్గా లేదని అర్థం.

మరి పిల్లలు ఇంగ్లీష్ అక్షరాల్లో కదా తెలుగు టైప్ చేసేది, అలాగే రాయాలా అని అడుగుతారు. వద్దు. మెసేజ్ గా పది సెకన్లు చదవడం వేరు, రెండు వందల పేజీలు చదవడం వేరు, కళ్ళు లాగేస్తాయి. తెలుగు లిపిలోనే రాయండి, ఆ తొందరంతా స్పెల్లింగ్ లో చూపించండి, "ఏంచేస్తున్నవ్", "తెల్దు", "ఛ ఊర్కో".

ఇంక మన భాష ఫ్రీగా ఇచ్చే ఆయుధం ఒకటుంది, మీరు నుంచి నువ్వు కి జారడం. దాన్ని మొదటి చాప్టర్లోనే ఖర్చు పెట్టేయకండి. సగం కథ దాకా ఆపి ఒక రాత్రి ఇలా వదలండి:

తేజ: ర్యాంక్ ఎంతొచ్చిందండి
మౌనిక: అడగొద్దు
తేజ: సరే అడగను
తేజ: నువ్వు తిన్నావా
(2 నిమిషాలు)
తేజ: మీరు తిన్నారా (ఎడిటెడ్)
మౌనిక: స్క్రీన్‌షాట్ తీసిన
మౌనిక: ఇంక మార్చినా లాభం లే

టిక్కులూ టైములూ మీ కథకుడు

బ్లూ టిక్, లాస్ట్ సీన్, టైపింగ్ అని వచ్చి ఆగిపోవడం, డీపీ మారడం, ఇవన్నీ మామూలు నవలలో రాసే చూపులూ నిట్టూర్పులూ చేసే పనే చేస్తాయి. కానీ యాప్ ఎలా పనిచేస్తుందో కరెక్ట్ గా తెలుసుకుని రాయండి, చదివేది పదిహేడేళ్ళ వాళ్ళు, వాళ్ళకి మీకన్నా బాగా తెలుసు.

ఒక టిక్ అంటే వెళ్ళింది, రెండు బూడిద రంగు టిక్కులంటే అవతలి ఫోన్ కి చేరింది, రెండూ నీలం అయితే చూశారు. ఈ నీలం రంగు వచ్చింది 2014 నవంబర్ లో, మీ కథ 2012 లో జరిగితే "బ్లూ టిక్ పడింది కానీ రిప్లై లేదు" అని రాయకూడదు. ఒకటే టిక్ దగ్గర ఆగిపోతే బ్లాక్ చేసుండొచ్చు, ఫోన్ ఆఫ్ అయ్యుండొచ్చు, నెట్ లేకపోవచ్చు, ఏదో తెలీదు. ఆ తెలీకపోవడం మీద ఒక చాప్టర్ మొత్తం నడపొచ్చు.

బ్లూ టిక్ ఆఫ్ చేసుకునేవాళ్ళు కూడా కథకి పనికొస్తారు. ఆఫ్ చేస్తే తనకీ అవతలివాళ్ళ నీలం కనపడదు, అది అందరికీ తెలుసు. గ్రూపుల్లో మాత్రం ఆఫ్ అవ్వదు. వాయిస్ మెసేజ్ ప్లే చేస్తే మైక్ బొమ్మ నీలం అయ్యేది కూడా ఆఫ్ అవ్వదు, ఇది చాలామందికి తెలీదు. మౌనిక కోపంతో అన్నీ ఆఫ్ చేసి నేనసలు నీ చాట్ తెరవలేదు అని బిల్డప్ ఇస్తుంది, రాత్రి ఒంటిగంటకి తేజ పెట్టిన వాయిస్ నోట్ వింటుంది, అటుపక్క మైక్ నీలం అయిపోతుంది. తేజ ఏమీ అనక్కర్లేదు. పొద్దున్నే "గుడ్ మార్నింగ్ అండి" అని ఒక్క మెసేజ్ చాలు.

డిలీట్ ఫర్ ఎవ్రీవన్ 2017 లో వచ్చింది, డిలీట్ చేసిన ఆనవాలు అక్కడే మిగులుతుంది కాబట్టి ఏం పెట్టి తీసేసిందా అని కొట్టుకుంటారు. కంగారులో డిలీట్ ఫర్ మీ నొక్కేస్తే ఇంకా మజా, తన ఫోన్ లో పోద్ది అవతల పదిలంగా ఉంటది, అన్‌డూ కి కొన్ని సెకన్లే టైమ్. ఎడిట్ 2023 లో వచ్చింది, 15 నిమిషాల్లోపే కుదురుతుంది. స్టేటస్ 24 గంటలు. ఇవన్నీ ఒకే నవలలో కుక్కకండి, మూడో నాలుగో తీసుకుని వాటితోనే ఆడండి.

డేటా సంగతి కూడా. రోజుకి 1.5 జీబీ ప్యాక్ అయిపోతే నెట్ కట్ అయిపోదు, స్పీడ్ పడిపోతుంది, మెసేజ్ ఎలాగోలా వెళ్తుంది, ఫోటో మాత్రం రింగు తిరుగుతూనే ఉంటుంది. అర్ధరాత్రి 12 కి కొత్త రోజు డేటా వస్తుంది. పుట్టినరోజు ఫోటో పంపాలనుకుని 11 గంటల నుంచీ తిరుగుతున్న ఆ రింగు సరిగ్గా 12 దాటాక వెళ్తే, ఇంకేం రాయాలి మీరు?

ఎస్సెమ్మెస్ కాలం కథ రాసే వాళ్ళకి ఒక మాట. ఇంగ్లీష్ అక్షరాల్లో మెసేజ్ కి 160, తెలుగు లిపిలో అయితే 70 అక్షరాలే పట్టేవి. దీపావళికీ న్యూ ఇయర్ కీ మెసేజ్ ప్యాక్ పనిచేసేది కాదు, ఫుల్ చార్జి పడేది. 2011 సెప్టెంబర్ లో సిమ్ కి రోజుకి 100 మెసేజ్‌లే అని టెలికాం కంపెనీలకి రూల్స్ పెట్టే ట్రాయ్ లిమిట్ పెట్టింది, నవంబర్ కల్లా 200 చేసింది. అలిగిన అమ్మాయిని బతిమాలుతూ తొంభై తొమ్మిదో మెసేజ్ దగ్గర ఉన్నవాడి మీద ఒక చాప్టర్ రాయండి ఎవరైనా, నేను చదువుతా.

ఇద్దరి విండో ఒక్కటే చాలదు

హీరో హీరోయిన్ చాట్ ఒక్కటే పెడితే ఇద్దరూ ఏం దాస్తున్నారో మనకి తెలీదు. కనీసం ఇంకో రెండు విండోలు తెరవండి. ఒకటి బెస్ట్ ఫ్రెండ్. మౌనిక తేజకి "ఓకే" అని పంపిన నిమిషంలోనే అఖిలకి "ఏందే వీడు, నాకు చేతులు వణుకుతున్నయ్" అని పంపుతుంది, "ఓకే కి చేతులు వణకడమేందే" అని అఖిల తిడుతుంది. పాఠకుడికి రెండూ కనపడతాయి, తేజకి ఒకటే. ఈ రకం నవల ఆడేదే ఈ తేడా మీద. చదివేవాళ్ళు ఎప్పుడూ ఇద్దరికన్నా ఒక అడుగు ముందుండాలి.

రెండోది ఫ్యామిలీ గ్రూప్. పొద్దున్నే పూల బొమ్మతో శుభోదయం, బాబాయ్ ఫార్వర్డ్‌లు, అందరూ దండం బొమ్మలు పెట్టడం, మధ్యలో మౌనిక రాంగ్ విండోలో "ఆ పసుపు చొక్కా మళ్ళీ వేసుకో బాగుంటావ్" అని పెట్టేయడం. పెదనాన్న: "ఎవరికమ్మా". బాబాయ్: "నాకేమో". ఇలాంటి రాంగ్ గ్రూప్ సీన్ నవల మొత్తానికి ఒక్కసారే, రెండోసారి వాడితే అరిగిపోతుంది.

కాంటాక్ట్ పేర్లు కూడా వాడుకోండి. "పసుపు చొక్కా" అని సేవ్ చేసింది, అమ్మ ఫోన్ చూస్తుందని "అఖిల కొత్త నంబర్" అని మార్చింది, తర్వాత ఒరిజినల్ అఖిల ఫోన్ చేస్తే అమ్మకి డౌట్. పేరు మారిన ప్రతిసారీ కథ ఒక మెట్టు ఎక్కినట్టే, విడిగా చెప్పక్కర్లేదు.

కలుసుకున్నప్పుడు ఏం చేయాలి

కలిస్తే మెసేజ్‌లు ఆగిపోతాయి. ఇక్కడే చాలామంది భయపడి ఒక చాప్టర్ మామూలు కథలాగా రాసేస్తారు, రూల్ తప్పుతారు. అక్కర్లేదు. కలవడానికి ముందు "ఎక్కడున్నారు" "గేట్ దగ్గర" "ఏ గేట్" "గేట్లు రెండున్నాయా" అని ఒక అరపేజీ, తర్వాత నాలుగు గంటల గ్యాప్, తర్వాత రాత్రి "ఇంటికి చేరినవా" అని ఒకటి. మధ్యలో ఏం జరిగిందో మర్నాడు అఖిల గుచ్చి గుచ్చి అడుగుతుంది కదా, అక్కడ మౌనిక నోటినుంచి ముక్కలుగా రానివ్వండి, తేజ వాళ్ళ ఫ్రెండ్ కి చెప్పేది వేరేగా ఉండాలి, ఈమె నేను మాములుగనే ఉన్న అంటది, వాడు ఆ అమ్మాయి గంటలో మూడు మాటలు మాట్లాడిందిరా అంటాడు. నిజం మధ్యలో ఎక్కడో ఉంటుంది. ఇద్దరూ పదిహేడేళ్ళ పిల్లలు కాబట్టి లస్సీ తాగి గొడవపడి ఇంటికెళ్ళిపోవడం కన్నా ఎక్కువ జరగక్కర్లేదు, తీపి అక్కడే ఉంది.

కోత, పేజీ, పోస్టింగ్

ముందు మీకు వచ్చినంత రాసేయండి, తర్వాత ప్రతి సీన్ లో మొదటి నాలుగు మెసేజ్‌లు కొట్టేసి చూడండి. హాయ్, హలో, ఏం చేస్తున్నావ్ అవన్నీ ఆ నాలుగులోనే ఉంటాయి, పోయినా ఎవరికీ తెలీదు. చివర గుడ్ నైట్ కూడా తీసేయండి, అవతలి నుంచి రిప్లై రాని ప్రశ్న దగ్గర ఆపండి. ఒక భాగానికి ఆరేడు వందల మాటలు చాలు, బస్సులో రెండు స్టాపుల మధ్య అయిపోవాలి.

ప్రతిలిపి లాంటి యాప్‌లో భాగాలుగా పెడితే కుడి ఎడమ బబుల్స్ కుదరవు, మామూలు టెక్స్టే, అందుకని పేరు పెట్టి కోలన్ పెట్టి రాయండి. పేర్లు వేరే వేరే అక్షరాలతో మొదలవ్వాలి, మౌనిక, మాధవ్, మానస ముగ్గురూ ఒకే గ్రూప్ లో ఉంటే మీరే కన్ఫ్యూజ్ అవుతారు. టైమ్ ప్రతి మెసేజ్ కీ వద్దు, గ్యాప్ వచ్చిన చోటే. ఎమోజీలు తగ్గించండి, పుస్తకంగా వేయిస్తే ప్రింట్లో నల్లటి మచ్చల్లా వస్తాయి.

మీ ఫ్రెండ్స్ నిజం చాట్లు, స్క్రీన్‌షాట్లు మాత్రం తెచ్చి పెట్టకండి, పేర్లు మార్చినా సరే, ఎవరి మెసేజో వాళ్ళకి తెలిసిపోతుంది, అది వాళ్ళు మీకు పంపింది కాదు. మాట తీరు వినండి, మెసేజ్ మీరే కల్పించండి. రాసింది ఇంటర్ చదివే చెల్లికో తమ్ముడికో ఇచ్చి "ఎక్కడ అంకుల్ లాగా ఉంది" అని అడగండి, నిర్మొహమాటంగా చెప్తారు, మనసు గట్టి చేసుకోండి. ఆఖరి భాగం పెట్టే ముందు కథ వదిలేసి టైములు, డేట్లు మాత్రం మొదటినుంచీ వరసగా చూసుకుంటూ రండి, రాత్రి 11:50 కి పెట్టిన మెసేజ్ కి 11:38 కి రిప్లై వచ్చినట్టు ఎక్కడో ఒకచోట ఉండే ఉంటుంది.